వదిన ముడి విప్పిన రోజు

మా వదిన గురించి మీరు విన్నది తప్పు. పారాచూట్‌లో పురుగు దూరిందట, మనిషి కింద పడ్డాడట, కాళ్ళు విరిగాయట, మైదానంవాళ్ళు ఆవిణ్ణి మెడపట్టి గెంటేశారట. బస్సుల్లో, సెలూన్లలో ఇదే కథ. ఒకాయనైతే నా టీ బండి దగ్గరే నిలబడి, నా టీయే తాగుతూ, నాకే చెప్పాడు. "పాపం, ఆ పడినాయనకి చంటిపిల్లలట" అంటూ కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. నేను ఆయన చేతిలో గ్లాసు లాక్కున్నాను. ఎవరూ పడలేదు. ఎవరికీ గోరు కూడా విరగలేదు. ఎవరూ ఎవర్నీ గెంటలేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, వినండి.

మా వదినంటే మా అన్నయ్య భార్య. కానీ విమానంలోంచి దూకేవాళ్ళ మైదానంలో ఆవిడ అందరికీ వదినే. తెల్ల జుట్టువాళ్ళు కూడా "వదినా" అనే పిలుస్తారు. ఆ మైదానంలో చిన్న విమానం ఒకటుంది. దూకేవాళ్ళు అందులో పైకి వెళ్ళి, తలుపు తీసి, మనం బస్సు దిగినంత తేలిగ్గా ఆకాశంలోకి దిగిపోతారు. ప్రతివాడి వీపు మీదా రెండు పారాచూట్లు. ఒకటి మామూలుగా తెరిచేది. అది మొరాయిస్తే ఆఖరి దిక్కుగా రెండోది, దాన్ని రిజర్వు అంటారు. మొదటిది ఎవరిది వాళ్ళే మడుచుకుంటారు. రిజర్వు మాత్రం ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. పరీక్ష ప్యాసైన మనిషి మడిచి, ఎర్ర దారంతో ముడి వేసి, ముడి మీద సీసం బిళ్ళ పెట్టి, పట్కారుతో నొక్కి తన గుర్తు వెయ్యాలి. మా మైదానంలో ఆ పట్కారు ఉన్నది మా వదిన చేతిలోనే.

అంతకుముందు ఆవిడ లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేది. ఇంట్లో ముందుగదే దుకాణం. ఎవరో దూకేవాడొకడు చిరిగిన సంచి తెచ్చి, "ఈ పట్టీ కుట్టిపెట్టండమ్మా, కొంచెం గట్టిగా" అన్నాడు. "ఎంత గట్టిగా?" అంది వదిన. "నేను వేలాడేంత" అన్నాడు వాడు. అంతే, ఆ మాట ఆవిడ బుర్రలో తిష్ట వేసింది. ఎందుకు వేలాడతావు, ఎక్కణ్ణుంచి వేలాడతావు అని వాణ్ణి కూర్చోబెట్టి పిండేసింది. మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి మైదానానికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళడమే, ఇంక మానలేదు. నేర్చుకుంది, పరీక్షిచ్చింది, ఒకసారి తప్పింది, మళ్ళీ ఇచ్చింది.

అక్కడో పద్ధతుంది. పట్కారు చేతికివ్వాలంటే ముందు తను మడిచిన రిజర్వు తనే తగిలించుకుని దూకాలి. అప్పటికే నలభైకి దగ్గర పడ్డ మనిషి. మా అన్నయ్య రొట్టెల బట్టీలో పని చేస్తాడు. బల్బు మార్చడానికి స్టూలెక్కితేనే కళ్ళు తిరిగే రకం. ఆ రోజు నా బండి వెనక కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"దూకిందా?" అన్నాడు.

"దూకింది."

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది అన్నయ్యా, నువ్వు కూడా కళ్ళు తెరువు."

"కాళ్ళు నేలకి ఆనాక చెప్పు, అప్పుడు తెరుస్తా" అన్నాడు.

వదిన దిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడి, "ఇంట్లో పప్పు నానబెట్టావా?" అని అడిగింది. మా వదిన అంత మనిషి. ఆ తర్వాత దూకడం కూడా మానలేదు.

ఇక పురుగుల సంగతి. గొల్లభామను మీరు చూసే ఉంటారు. ముందుకాళ్ళు దణ్ణం పెడుతున్నట్టు ముడుచుకుని, ముక్కోణపు తల అటూ ఇటూ తిప్పి మనిషిని ఎగాదిగా చూస్తుంది కదా, అదే. వదిన టార్పాలిన్లు కుట్టే రోజుల్లో ఒకటి కిటికీలోంచి వచ్చి, మిషను మీద దారపు కడ్డీకి తలకిందులుగా వేలాడింది. కుబుసం విడుస్తోంది. ఆ సమయంలో కదిపామంటే జారి పడుతుంది, పడితే కాళ్ళు వంకరపోతాయి. వదినకి అప్పుడవేమీ తెలియవు. అయినా మిషను ఆపేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. లారీవాడు వచ్చి గోల పెడితే, "అరవకు నాయనా, లోపల ఒకళ్ళు బట్టలు మార్చుకుంటున్నారు" అందట. పాత తొడుగులోంచి నలిగిన కాగితంలా రెక్కలు బయటికొచ్చి, మెల్లగా, ఒక్క ముడత లేకుండా విచ్చుకున్నాయి. "అంత బాగా మడత పెట్టాలే అమ్మాయ్" అని చాలాసార్లు చెప్పింది నాతో.

అప్పట్నుంచీ ఇంట్లో గొల్లభామలే. వలగుడ్డ కట్టిన డబ్బాలు, డబ్బాల్లో పుల్లలు, వాటికి మేతగా ఈగలు. వదిన వాటికి పేర్లు పెట్టదు. "పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే అవి రావు, మనకి మనసు కష్టం" అంటుంది. వదిన మైదానంలో ఉన్న పూట నీళ్ళు చల్లే పని అన్నయ్యది. ఆయనకి ఎత్తంటే ఎంత భయమో పురుగంటే అంత భయం. అయినా పెళ్ళాం మీద ప్రేమ, ఏం చేస్తాడు!

మైదానం పెద్దాయన, అంటే దూకడం నేర్పే పెద్ద గురువు, మంచివాడే. ఒక్క విషయంలో మాత్రం కచ్చితం. వదిన ఒకసారి భుజం మీద గొల్లభామతో వచ్చింది. అది అక్కడుందని ఆవిడకీ తెలియదు. పెద్దాయన దాన్ని చూసి, "అమ్మా, ఇది షెడ్డులో ఇంకోసారి కనబడితే నీ పట్కారు నా దగ్గరికి వచ్చేస్తుంది" అన్నాడు. వదిన సరేనంది. చాలాకాలం మాట మీదే నిలబడింది.

ఇంతలో పెద్ద దూకుడు వచ్చి పడింది. దూరాల నుంచి వచ్చినవాళ్ళు, మనవాళ్ళు కలిసి ఆకాశంలో చేతులు పట్టుకుని పువ్వులా పరుచుకోవాలి. గాలి నిలకడగా ఉండేది ఆ కాసిని రోజులే. వాళ్ళందరి రిజర్వులూ మడిచే పని మా వదినదే. సరిగ్గా అప్పుడే మా వీధిలో దోమల పొగ మొదలైంది. బండి మీద వచ్చి సందు సందునా పొగ వదిలి పోతున్నారు. ఆ పొగ దోమకి తగులుతుందో లేదో గానీ గొల్లభామకి తగిలితే చస్తుంది. వదిన ఏం చేసింది? డబ్బాలన్నీ సంచుల్లో సర్ది, మీద గుడ్డ కప్పి, పొద్దున షెడ్డుకి పట్టుకెళ్ళి బల్ల కింద పెట్టేది. సాయంత్రం ఇంటికి తెచ్చేది, రాత్రి నీళ్ళు అన్నయ్య చల్లేవాడు. ఆ వారమంతా ఇదే వరస. తప్పే. ఆవిడ కూడా తప్పు కాదని ఏనాడూ అనలేదు.

వాటిలో ఒక పెద్ద ఆడది నిండు కడుపుతో ఉంది. గుడ్లు పెట్టే ముందు దాన్ని బెదరగొట్టకూడదని వదిన ఆ డబ్బా మీద గుడ్డ తీసి చూడనేలేదు. పెద్ద దూకుడు రోజు పొద్దున్నే చూస్తే మూత వదులుగా ఉంది. డబ్బా ఖాళీ.

నేను టీ సామాను సర్దుకుంటూ ఉన్నాను. వదిన గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో ఖాళీ డబ్బా.

"ఏమైంది వదినా?"

"పెద్దది లేదు."

"ఏ కిటికీ మీదో ఉంటుందిలే. పురుగే కదా."

"ఇంట్లో పోతే పురుగే. షెడ్డులో పోతే?" అంది. "అది గుడ్లు పెట్టేటప్పుడు నురగ వదులుతుంది అమ్మాయ్. ఆ నురగ ఆరితే బంక కూడా దాని ముందు దిగదుడుపే. చీకటిగా, మడతలు మడతలుగా ఉన్న చోటు కోసం వెతుక్కుంటుంది. నేను సంచి మూసే ముందు ఆ మడతల్లోకి దూరిందనుకో..."

బట్టీకి ఫోను చేశాం. అన్నయ్య తీశాడు.

"నిన్న రాత్రి నీళ్ళు చల్లావా?"

"చల్లాను. గట్టిగా మూశాను కూడా."

"చల్లేటప్పుడు పెద్దది లోపలుందా?"

అవతల అన్నయ్య పళ్ళేలు సర్దడం మొదలుపెట్టాడు.

"చూశావా, లేదా?"

"కళ్ళు మూసుకుని చల్లానే" అన్నాడు అన్నయ్య నీరసంగా. "నేనెప్పుడూ అంతే."

అంటే ఎప్పట్నుంచి లేదో ఎవరికీ తెలియదు. ఇంట్లో పోయిందో షెడ్డులో పోయిందో అదీ తెలియదు. ఇల్లంతా తిరగేశాం. పరుపుల కింద, కర్టెన్ల వెనక, చెప్పుల్లో. లేదు. ఇంట్లోనే ఉండి ఉంటుంది, నోరు మూసుకుంటే ఆ రోజు గడిచిపోతుంది. నేను ఆ మాట అనబోయాను కూడా. వదిన అప్పటికే చెప్పులేసుకుంది.

మేం వెళ్ళేసరికి విమానం పంకా తిరుగుతోంది. దూకేవాళ్ళు వరసలో ఉన్నారు. ఎక్కే ముందు ఒకరి వీపు ఒకరు చూసి, సీసం బిళ్ళ సరిగ్గా ఉందో లేదో తడిమి, "ముడి ఎవరిది?" అని అరుస్తారు. "వదినది!" అని జవాబు. చివరి మనిషి దాకా ఆ కేక అలా పాకుతూ వెళ్తుంది. వదిన నేరుగా ఆ వరస మధ్యలోకి నడిచి రెండు చేతులూ ఎత్తింది.

"ఇవాళ నా ముడి ఎవరూ పలకొద్దు" అంది. "ఎవరూ ఎక్కొద్దు."

పంకా ఆపించారు. పెద్దాయన పరుగున వచ్చాడు. వదిన గొంతు తగ్గించలేదు, అందరూ వినేలా చెప్పింది. పొగ సంగతి, బల్ల కింద డబ్బాల సంగతి, ఖాళీ డబ్బా సంగతి. చెప్పి, నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలోంచి పట్కారు తీసి పెద్దాయన చేతిలో పెట్టింది.

"మీరు ముందే చెప్పారు. నేనే వినలేదు. ఇది మీ దగ్గర ఉంచండి. కానీ సంచులు మాత్రం విప్పాలి, ఈ వారం మడిచినవన్నీ."

అప్పుడు గబ్బిలం ముందుకొచ్చాడు. గబ్బిలమంటే చేతులకీ కాళ్ళకీ మధ్య గుడ్డ రెక్కలున్న బట్టలేసుకుని ఆకాశంలో అడ్డంగా ఎగిరేవాడు. మైదానంలో వాడిని మించినవాడు లేడు, నోటి దురుసులో కూడా. ఈ పువ్వు చుట్టూ తిరిగే పని వాడిది, నెలల తరబడి తయారవుతున్నాడు.

"పురుగు కోసం ఇంత మందిని ఆపుతావా వదినా? రేపు గాలి మారుతుంది. వీళ్ళు ఎంతెంత దూరం నుంచి వచ్చారో తెలుసా?"

"తెలుసు."

"నా సంచి నాకివ్వు. నా ప్రాణం, నా ఇష్టం."

"ప్రాణం నీదే నాయనా. ముడి నాది" అంది వదిన.

పెద్దాయన తల పంకించాడు. షెడ్డులో బల్లలన్నీ కలిపారు. ఒక్కో సంచీ పెట్టడం, పిడి లాగడం. తెల్లటి గుడ్డ ఫట్‌మని బయటికి దూకేది. మడవడానికి గంటకి పైగా పట్టేది, విప్పడానికి రెప్పపాటు చాలు. తన చేత్తో వేసిన ముళ్ళు ఒక్కొక్కటీ తెగుతుంటే వదిన పక్కనే నిలబడి, ప్రతి మడతా వేళ్ళతో విప్పి, వెలుతురుకి పెట్టి చూసింది. దూరం నుంచి వచ్చినవాళ్ళు గోడకి ఆనుకుని చెవులు కొరుక్కుంటున్నారు. ఒక్కో సంచిలోనూ ఏమీ లేదని తేలినకొద్దీ వాళ్ళ నవ్వులు పెరిగాయి. ఆఖరిది కూడా విప్పారు. లేదు. ఎందులోనూ లేదు.

"చూశావా?" అన్నాడు గబ్బిలం. "లేనిదానికోసం రోజంతా తగలేశావు."

"లేదని ఇప్పుడు తెలిసింది" అంది వదిన. "పొద్దున తెలియదు."

ఆ మాటతో కొందరు ఊరుకున్నారు. కొందరు ఊరుకోలేదు. ఒక జట్టు అప్పుడే సామాను సర్దుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ ఇక్కడ మనుషుల కన్నా పురుగులకే మర్యాద ఎక్కువ అనేసి మరీ వెళ్ళింది. మీరు విన్న కథకి కాళ్ళు మొలిచింది అక్కడే అని నా అనుమానం. గబ్బిలం నా బండి దగ్గర కూర్చుని, పక్క మైదానం నుంచి ముడి వేసే మనిషిని పిలిపించాలని పెద్దాయన చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. పట్కారు ఆయన జేబులోనే ఉంది. వదిన ఖాళీ చేతులతో షెడ్డు మెట్ల మీద కూర్చుంది. నేను టీ ఇస్తే పక్కన పెట్టుకుంది గానీ తాగలేదు.

సాయంత్రం ఎండ తగ్గేవేళ అన్నయ్య వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి, రొట్టెల పళ్ళెం ఒకటి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని నడుస్తున్నాడు. పళ్ళెంలో ఆయన బట్టీ టోపీ ఉంది, రెండుగా మడిచి తలుపు వెనక మేకుకి తగిలించే గుడ్డ టోపీ. టోపీ మీద పెద్దది కూర్చుని ఉంది, కడుపు తగ్గి, సన్నగా, దణ్ణం పెట్టుకుంటూ.

"ఇదిగో మీ మహారాణి" అన్నాడు అన్నయ్య. "వేరే టోపీ పెట్టుకుని వెళ్ళాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నా నెత్తి మీదే కాపురం పెట్టేది. మూత నేనే సరిగ్గా వెయ్యలేదేమోనే. నన్ను తిట్టు, పర్లేదు."

వదిన తిట్టలేదు. పెద్దదాన్ని మెల్లగా తన చెయ్యి మీదికి ఎక్కించుకుని, టోపీ గబ్బిలం చేతిలో పెట్టింది.

"విప్పు" అంది.

వాడు నవ్వుతూ రెండు అంచులూ పట్టుకుని లాగాడు. రాలేదు. కొంచెం గట్టిగా లాగాడు. రాలేదు. మడత లోపల గోధుమరంగు నురగ ఆరి, రెండు వైపులా గుడ్డని కరుచుకుని ఉంది. బలమంతా పెట్టి లాగితే పర్రుమని చిరిగింది గుడ్డే, నురగ కాదు. వాడి చెయ్యి దానంతటదే వీపు మీదికి, సంచి ఉండే చోటికి వెళ్ళింది.

"నిన్ను చిన్నబుచ్చాలని కాదు నాయనా" అంది వదిన. "నాకే ఒళ్ళు జలదరిస్తోంది. ఇది గుడ్లు షెడ్డులో పెట్టి ఉంటే?"

గబ్బిలం పెద్దాయన వైపు తిరిగి, "పక్క మైదానంవాళ్ళని పిలవొద్దండి" అన్నాడు. "వేరేవాళ్ళు వేసిన ముడితో నేను దూకను."

పెద్దాయన జేబులోంచి పట్కారు తీశాడు. "అమ్మా, రేపట్నుంచి ఇవన్నీ మళ్ళీ మడవాలి. ఇది లేకుండా ముడి ఎలా వేస్తావు?" అన్నాడు. వదిన చెయ్యి చాపింది. ఆయన వెంటనే ఇవ్వలేదు. "పురుగులు?"

"గడప దాటవు."

"పొగ వస్తే?"

"మా ఇంట్లో పెట్టుకోవచ్చు" అన్నాడు గబ్బిలం. "మా వీధికి ఏ బండీ రాదు."

పెద్దాయన పట్కారు ఇచ్చేశాడు. వదిన అప్పుడు టీ తాగింది, చల్లారిపోయిందని నన్ను నాలుగు చీవాట్లు కూడా పెట్టింది.

వెళ్ళిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఆగారు. వదిన మళ్ళీ మడవడానికి పొద్దున వెళ్ళి చీకటి పడే ముందు వచ్చేది. గాలి ఒకరోజు చెడింది, మళ్ళీ కుదుటపడింది. పువ్వు అనుకున్నంత పెద్దది కాలేదు, నిజమే. కొన్ని రేకులు తక్కువ. కానీ విచ్చుకుంది! నేను చూశాను, మెడ పట్టేసేదాకా చూశాను. దాని చుట్టూ గబ్బిలం గీత గీసినట్టు తిరిగాడు. ఆ రేకుల్లో ఒకటి మా వదిన. అన్నయ్య ఈసారి ఒక కన్ను తెరిచాడు. "ఏదీ, ఏదీ?" అంటూ నా భుజం పీకేశాడు. అక్కడున్న ప్రతి వీపు మీదా మా ఇంటి మనిషి వేసిన ముడే అని ఆ దూరపు వాళ్ళతో చెప్పాను, వాళ్ళు అడక్కపోయినా చెప్పాను. నాకు గర్వం ఎక్కువైందని మీరనుకుంటే అనుకోండి.

తర్వాత చిరిగిన టోపీలోంచి సన్నటి దారప్పోగుల్లా పిల్లలు వేలాడుతూ దిగాయి. సగం గబ్బిలం ఇంటికి వెళ్ళాయి. వాడు వాటికి పేర్లు పెట్టాడట, వదిన చెప్పినా వినలేదు.

ఇదీ జరిగింది. కాబట్టి ఎవరైనా మీకు ఆ విరిగిన కాళ్ళ కథ చెబితే నన్ను తల్చుకుని ఆపించండి.

ఇంకొక్కటి అడుగుతాను. మా మైదానం గాలి ఎక్కువైన నెలల్లో మూసేస్తారు. ఆ నెలల్లో కొండ అవతల మైదానంవాళ్ళు వదినని పిలిపించుకుంటారు, ఇప్పుడు అక్కడే ఉంది. నేను బండి వదిలి వెళ్ళలేను, అన్నయ్య కొండ ఎక్కలేడు. ఆ రోజు తర్వాత ఆవిడకి ఏ చిన్న అనుమానం వచ్చినా మడిచింది మళ్ళీ విప్పేస్తోందట. మంచిదే. కానీ తిండి మర్చిపోతోందని అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు చెబుతున్నారు. ఫోన్లో అడిగితే తిన్నానంటుంది, ఆ మాట నేను నమ్మను. మీలో ఎవరైనా అటు వెళ్తే రేకుల షెడ్డు దగ్గర ఆగండి. ముడి వేస్తూ ఉంటే పలకరించకండి, వేసేదాకా ఆగండి. పట్కారు కింద పెట్టాక, "వదినా, తిన్నావా?" అని అడగండి. ఏం చెప్పిందో కాదు, మనిషి ఎలా ఉందో చూసి వచ్చి నాకు చెప్పండి. టీకి డబ్బులు తీసుకోను.